శిక్ష ముగిసినా ముగియని నింద



విశ్వప్రభువును స్తుతించి, ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కోరుకున్న పిమ్మట, మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ అనేక కుటుంబాలను లోలోపల దహిస్తున్న ఒక విషయాన్ని ఈ జుమా దినాన మీ ముందుంచుతున్నాము. ఒక మనిషి పేరు ఎప్పుడో ఒక కేసులో నమోదయింది. ఆ కేసు న్యాయస్థానంలో వీగిపోయి ఉండవచ్చు, ఇరుపక్షాల రాజీతో ముగిసి ఉండవచ్చు, లేదా నేరం రుజువై అతడు విధించిన శిక్షను పూర్తిగా అనుభవించి ఉండవచ్చు. ఏళ్లు గడిచాయి. అయినా ఫోనులో అతని పేరు వెదికితే మొట్టమొదట కనిపించేది ఆ కేసే. మిర్చియార్డులో గుమస్తా పని అడగబోయినా, జిన్నింగ్ మిల్లులో కాపలా కొలువు కోరినా, గల్ఫ్ దేశానికి పోదామన్నా, కూతురికి సంబంధం కుదుర్చుకోబోయినా ఆ పాత వార్త అతనికన్నా ముందుగా ఆ గడప తొక్కుతుంది.

ఈ నింద ఎక్కడి నుండి పుడుతున్నది? దానిని తొలగించుకొనే దారి చట్టంలో ఏ మేరకు ఉన్నది? తొలగని చోట ఆ వ్యక్తి ఏం చేయాలి, మనం ఏం చేయాలి? వీటిని క్రమంగా పరిశీలిద్దాం.

నింద ఎలా నిలిచిపోతున్నది

పూర్వం ఒక ఊరిలో జరిగిన తగాదా ఆ ఊరి రచ్చబండ దాటేది కాదు. పత్రికలో వార్త వచ్చినా మరుసటి వారానికి ఆ కాగితం దుకాణంలో పొట్లమయ్యేది. ఇప్పుడు పరిస్థితి వేరు. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఒక తీర్పునిస్తూ, ప్రథమ సమాచార నివేదికలను, అంటే ఎఫ్‌ఐఆర్‌లను, 24 గంటలలోగా పోలీసు వెబ్‌సైట్లలో ఉంచాలని ఆదేశించింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం, బాలలపై అత్యాచారాల వంటి సున్నితమైన కేసులను మాత్రం మినహాయించింది. ఆ ఏడాది నవంబరు 15 నుండి అది అమలులోకి వచ్చింది. తనపై మోపిన అభియోగమేమిటో నిందితుడు వెంటనే తెలుసుకొని తన్ను తాను కాపాడుకోవాలన్నదే దాని సదుద్దేశం. అలాగే ఈ-కోర్టుల వ్యవస్థలో కక్షిదారు పేరుతో కేసును వెదికే సదుపాయం సామాన్యుడు న్యాయవాది చుట్టూ తిరగకుండా వాయిదా తేదీ తెలుసుకొనేందుకు ఏర్పడింది. తీర్పులను ఉచితంగా అందించే ఇండియన్ కానూన్ వంటి వెబ్‌సైట్లు విద్యార్థులకు, న్యాయవాదులకు ఎంతో ఉపకరిస్తున్నాయి.

ఇవన్నీ మేలు తలపెట్టి చేసిన పనులే. అయితే వీటన్నిటినీ ఒక్క పేరుతో కలిపి క్షణంలో చూపగల వెదుకులాట యంత్రం వచ్చేసరికి, నిందితుని రక్షణకు పుట్టిన ఏర్పాటే అతని మెడకు చుట్టుకొన్నది. దీనికి తోడు మన పత్రికల అలవాటొకటి ఉన్నది. అరెస్టు జరిగిన రోజున ముఖచిత్రంతో పెద్ద వార్త. నాలుగేళ్లకు కేసు కొట్టివేసినపుడు ఒక మూల నాలుగు పంక్తులు, లేదా అదీ లేదు. అందువల్ల ఫోను తెరమీద మొదటి సగమే మిగులుతుంది, రెండవ సగం కనిపించదు.

మాటల అర్థం తెలుసుకోవడం

సోదరులారా! ఇక్కడ మనం చేసే అన్యాయంలో చాలా భాగం మాటల అర్థం తెలియకపోవడం వల్లనే జరుగుతున్నది. ఎఫ్‌ఐఆర్ అంటే ఒకరు చేసిన ఫిర్యాదు నమోదు కావడం మాత్రమే. అరెస్టు విచారణలో ఒక దశ. అభియోగపత్రం పోలీసుల అభిప్రాయం. రౌడీషీటు పోలీసు స్టేషనులో నిర్వహించే పరిశీలన పుస్తకంలోని నమోదు. వీటిలో ఏ ఒక్కటీ నేర నిర్ధారణ కాదు. నేరాన్ని నిర్ధారించే అధికారం న్యాయస్థానానిది మాత్రమే.

మన ప్రాంతంలో పొలం గట్టు దగ్గరో, కాలువ నీటి దగ్గరో, కౌలు లెక్కల దగ్గరో మాటా మాటా పెరిగి ఇరువర్గాలూ కేసులు పెట్టుకోవడం, పెద్దలు కూర్చొని రాజీ చేయడం తరచూ చూస్తుంటాము. చట్టం రాజీకి అనుమతించిన నేరాలలో అలా రాజీ నమోదయితే అది నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్లే లెక్క. పాత నేర విచారణ స్మృతి ఈ మాట చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా ఇదే చెప్పింది. మరి చట్టం నిర్దోషి అన్నవానిని మనం "కేసున్నవాడు" అని పిలవడం ఏ ధర్మం?

కళ్ల ముందున్న దృష్టాంతాలు

2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం వసతిగృహంలో మన తెనాలికి చెందిన ఒక ఫార్మసీ విద్యార్థిని దారుణహత్యకు గురైంది. ఆ కేసులో అరెస్టయిన ఒక పేద యువకునికి 2010లో విజయవాడలోని న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అప్పటికి అతని యవ్వనంలో ఎనిమిదేళ్లకు పైగా కారాగారంలో గడిచిపోయాయి. ఈ ఉదంతంలో మనం శిరసు వంచవలసిన మరొక విషయమున్నది. బిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లిదండ్రులే ఇతడు హంతకుడు కాడని మొదటి నుండీ బహిరంగంగా చెబుతూ వచ్చారు. అందరికన్నా ఎక్కువగా గాయపడినవారు న్యాయం తప్పలేదు. ఏ గాయమూ తగలని మనం ఫోనులో కనిపించిన ఒక శీర్షికను చూసి తీర్పు చెప్పవచ్చునా?

2007 మే 18న, శుక్రవారం నాడు, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. తదనంతరం అనేకమంది ముస్లిం యువకులు అనుమానంపై అరెస్టయ్యారు. వారిపై మోపిన కేసులు న్యాయస్థానాలలో నిలువలేదు. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మేరకు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఆరంభంలో వారికి నష్టపరిహారాన్నీ, సత్ప్రవర్తన పత్రాలనూ అందజేసింది. పరిహారపు ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసింది. ఆ పత్రాన్ని గురించి కొంచెం ఆలోచించండి. న్యాయస్థానం నిర్దోషి అని చెప్పిన తరువాత కూడా ఒక మనిషికి "ఇతడు మంచివాడు" అనే కాగితం అవసరమైందంటే, తీర్పు అతనిని విడిచినా సమాజం విడువలేదనే కదా అర్థం.

మూడవది మన పొరుగుననే, బాపట్లకూ చీరాలకూ నడుమ ఉన్న స్టువర్టుపురం. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1911 చట్టంతో దానిని మద్రాసు రాజధానికి విస్తరించింది. పుట్టుకతోనే కొన్ని తెగలు నేరస్థులన్నది ఆ చట్టపు సారం. 1913లో ఎరుకల కుటుంబాల కోసం ఈ సెటిల్‌మెంటు వెలసింది. సాల్వేషన్ ఆర్మీ దానిని నిర్వహించింది. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటడానికి అనుమతి చీటీలు అక్కడి వారి నిత్యజీవితమయ్యాయి. 1952 ఆగస్టు 31న దేశవ్యాప్తంగా ఆ చట్టం రద్దయింది. జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ ఊరి ప్రజల మధ్య ఏళ్ల తరబడి సంస్కరణ కృషి చేశారు. చదువుకొని ఉద్యోగాలలో స్థిరపడినవారు అక్కడ ఎందరో ఉన్నారు. అయినా ఆ ఊరి పేరు చెబితే చాలామందికి తట్టేది 1991లోనూ 2023లోనూ వచ్చిన సినిమాలే. చట్టం రద్దయి డెబ్బయ్యేళ్లు దాటినా పేరుకు అంటిన మచ్చ వదలలేదు. జైళ్లలో కులవివక్షను కొట్టివేస్తూ 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, విముక్త జాతులను అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే నిబంధనలను తప్పుపట్టవలసి వచ్చిందంటే ఈ జాడ్యం ఎంత లోతుగా పాతుకొన్నదో గ్రహించండి. అంతర్జాలం లేని కాలంలోనే ఒక రికార్డు తరతరాలు వెంటాడింది. ఇప్పుడు ఆ రికార్డు ప్రతివాని జేబులోనూ ఉన్నది.

చట్టం ఏం చెబుతున్నది

పాత సమాచారాన్ని మరపించే హక్కు గురించి ప్రపంచంలో పెద్ద చర్చ 2014 మే 13న మొదలైంది. స్పెయిన్ దేశస్థుడొకరు, ఎన్నడో తీరిపోయిన తన బాకీకి సంబంధించిన వేలం ప్రకటన గూగుల్‌లో ఇంకా కనిపిస్తున్నదని ఫిర్యాదు చేయగా, ఆ పేరుతో వెదికినపుడు కాలం చెల్లిన అటువంటి లంకెలను తొలగించమని కోరవచ్చునని ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. పత్రికలో ఉన్న అసలు ప్రకటనను అది చెరపలేదు. పేరుకూ ఆ ప్రకటనకూ మధ్య ఉన్న దారిని మాత్రమే మూసింది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఎదుటకు భారత సంతతికి చెందిన ఒక అమెరికా పౌరుడు వచ్చాడు. మాదకద్రవ్యాల కేసులో అతడు రెండు న్యాయస్థానాలలో నిర్దోషిగా తేలాడు. అయినా ఆ తీర్పు పేరుతో సహా కనిపిస్తున్నందున ఉద్యోగం దొరకడం లేదని మొరపెట్టుకొన్నాడు. ఆ తీర్పు వెదుకులాటలో కనబడకుండా చేయాలని న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు, న్యాయవిచారణ బహిరంగంగా జరగాలన్న సూత్రాన్ని గుర్తు చేస్తూ, నడుస్తున్న కేసులలో ఈ హక్కును కోరజాలరని చెప్పింది. 2024 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు ధర్మాసనం నిర్దోషిగా విడుదలైన ఒకరి పేరును తీర్పు ప్రతి నుండి తొలగించమన్నది. ఆ ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసి, విషయాన్ని తాను పరిశీలించడానికి స్వీకరించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారాన్ని సరిదిద్దించుకొనే, తొలగించుకొనే హక్కును ప్రస్తావించింది గాని, న్యాయస్థానాల విధులకూ, చట్టరీత్యా బహిరంగపరచిన సమాచారానికీ మినహాయింపులిచ్చింది.

దీని సారాంశమేమంటే, ద్వారం పూర్తిగా మూసిలేదు, పూర్తిగా తెరచీ లేదు. నిర్దోషిగా తేలినవారి మొర న్యాయస్థానాలు ఆలకిస్తున్నాయి. శిక్ష పడినవారికి ఆ దారి మరింత ఇరుకు.

బాధితుడు చేయదగిన పనులు

మొదటిది, తీర్పు ధ్రువీకృత నకలును న్యాయస్థానం నుండి పొంది భద్రపరచుకోవాలి. చాలామంది కేసు కొట్టివేశారని సంతోషించి కాగితం తీసుకోకుండానే ఇంటికి వస్తారు. ఏళ్ల తరువాత అది అవసరమైనపుడు వెదుక్కుంటారు.

రెండవది, ఈ-కోర్టుల వెబ్‌సైటులో తన కేసు ఫలితం సరిగా నమోదయిందో లేదో చూసుకోవాలి. ముగిసిన కేసు ఇంకా పెండింగులో ఉన్నట్లు కనిపిస్తే ఆ న్యాయస్థానపు కార్యాలయానికి దరఖాస్తు చేయాలి.

మూడవది, అరెస్టు వార్త ప్రచురించిన పత్రిక సంపాదకునికి తీర్పు నకలు జతచేసి, వార్తలో తుది ఫలితాన్ని చేర్చమని మర్యాదగా లేఖ వ్రాయాలి. వెదుకులాట యంత్రం వార్తను తనలో ఉంచుకోదు, ఇతరుల పుటకు దారి మాత్రమే చూపుతుంది. కనుక మూలాన్ని సరిదిద్దడమే గట్టి వైద్యం. పత్రిక ఆ పుటను తీసివేసిన తరువాత కూడా గూగుల్‌లో పాత జాడ కనిపిస్తుంటే, దానిని తొలగించమని కోరే ఉచిత ఏర్పాటు ఆ సంస్థ వద్దనే ఉన్నది. డబ్బు కడితే అన్నీ చెరిపేస్తామనే దళారులకు చిక్కవద్దు. న్యాయస్థానపు రికార్డును ఏ దళారీ చెరపలేడు.

నాల్గవది, అవసరమైతే హైకోర్టును ఆశ్రయించవచ్చు. స్థోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించాలి, లేదా 15100 నంబరుకు ఫోను చేయాలి. మహిళలు, బాలలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

ఐదవది, ఉద్యోగ దరఖాస్తులో కేసుల వివరాలు అడిగితే నిజమే వ్రాయాలి. అడిగిన విషయాన్ని దాచడం వేరే దోషమవుతుందనీ, యవ్వనంలో జరిగిన చిన్న తప్పిదాన్ని యజమాని ఉదారంగా విడిచిపెట్టవచ్చుననీ 2016 జూలైలో సుప్రీంకోర్టు వివరించింది. అడగని సంగతిని మనంతట మనమే చాటుకోనవసరం లేదు. పాస్‌పోర్టు విషయంలో, కేసు నడుస్తున్నవారు న్యాయస్థానపు అనుమతితో దరఖాస్తు చేసుకోవచ్చు. నైతిక పతనంతో కూడిన నేరంలో రెండేళ్లకు తక్కువ కాని శిక్ష పడినవారికి నిరాకరించే నిబంధన శిక్ష పడిన నాటి నుండి ఐదేళ్లకే పరిమితం.

ఆరవది, పిల్లల సంగతి. పద్దెనిమిదేళ్ల లోపు వయసులో కేసులో చిక్కినవారికి 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రత్యేక రక్షణ కల్పించింది. పెద్దవారితో సమానంగా విచారించిన తీవ్రమైన కేసులు మినహా, ఆ నమోదు వల్ల వారికి ఏ అనర్హతా కలగదు. వారి పేరు, ఫొటో ప్రచురించడమే నేరం. తప్పుచేసిన కుర్రవాని ఫొటోను వాట్సాప్ గుంపులలో పంచేవారు తామే చట్టాన్ని అతిక్రమిస్తున్నామని తెలుసుకోవాలి. పెద్దవారిలోనూ, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద హెచ్చరికతోనో సత్ప్రవర్తన పూచీతోనో విడుదలైన వారికి నేర నిర్ధారణ వల్ల కలిగే అనర్హతలు వర్తించవు.

నేరం నిజమైతే

సోదరులారా! ఇంతవరకు నిర్దోషుల గురించి ఎక్కువగా చెప్పాము. నేరం నిజంగా చేసినవాని మాటేమిటి? అతడు పశ్చాత్తాపపడాలి, ఆ పని విడవాలి, తిరిగి చేయనని దృఢంగా నిశ్చయించుకోవాలి. తోటి మనిషి హక్కుకు నష్టం కలిగించి ఉంటే ఆ నష్టాన్ని పూడ్చాలి, అతని క్షమాపణ కోరాలి. గూగుల్ నుండి పేరు తొలగినంత మాత్రాన బాధితుని కన్నీరు ఆరదు. పేరు తొలగకపోయినా బాధితుని ఋణం తీర్చినవాడు దైవసన్నిధిలో తేలికపడతాడు. ఈ రెండింటిలో ఏది ముందో విశ్వాసికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇస్లాం చరిత్రను చూడండి. ఉహుద్ యుద్ధంలో ముస్లిం సైన్యంపై వెనుక నుండి విరుచుకుపడిన అశ్వదళానికి నాయకుడు ఖాలిద్ బిన్ వలీద్. తరువాత ఆయన ఇస్లాం స్వీకరించి మహాసేనాని అయ్యారు. ఉహుద్ సంగతిని చరిత్రకారులెవరూ చెరపలేదు, నేటికీ గ్రంథాలలో ఉన్నది. కాని ముస్లింలెవరూ ఆయనను ఆ పేరుతో పిలవలేదు. జ్ఞాపకం ఒకటి, నింద మరొకటి. మొదటిది పుస్తకాలలో ఉంటుంది. రెండవది మన నాలుకపై ఉంటుంది. అంతర్జాలపు జ్ఞాపకం మన చేతిలో లేకపోవచ్చు, నాలుక మాత్రం మన చేతిలోనే ఉన్నది.

మన బాధ్యత

దివ్య ఖురాన్‌లోని హుజురాత్ అధ్యాయం అపహాస్యాన్ని, ఎత్తిపొడుపు పేర్లను, అనుమానాన్ని, ఆరా తీయడాన్ని, పరోక్షనిందను వరుసగా నిషేధించింది. వేలితో తెరను తాకుతూ ఒకరి గతాన్ని తవ్వడం కూడా ఆరా తీయడమే. ఆ తవ్విన దానిని ఇతరులకు పంపడం పరోక్షనిందే. నిజమైనా అది నిందే, అబద్ధమైతే అపనింద, మరింత ఘోరం.

అట్లని మంచిచెడ్డలు విచారించవద్దని మతం చెప్పదు. పిల్లల బాధ్యత అప్పగించేటపుడు, డబ్బుపెట్టె తాళం చేతికిచ్చేటపుడు, బిడ్డనిచ్చేటపుడు విచారించడం సబబే. అవసరమున్నంత వరకే, అవసరమున్న వ్యక్తే, ఆ మనిషినే నేరుగా అడిగి తెలుసుకోవాలి. కేసు ఎట్లా ముగిసిందో అడగాలి. ఆ తరువాత ఇన్నేళ్లూ ఎలా బ్రతికాడో చూడాలి. తెలిసినదానిని తనలోనే ఉంచుకోవాలి.

గుంటూరు యార్డులో వ్యాపారి మిర్చి బస్తా విప్పి చేతిలోకి కాయ తీసుకొని చూస్తాడు. రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంత ఉన్నదో చూస్తాడు. నిరుడు ఆ రైతు చేనుకు తామరపురుగు సోకిందని ఈ ఏటి సరుకును తిప్పి పంపడు. మిరపకాయకు మనం చూపే ఈ న్యాయాన్ని మనిషికి చూపలేమా? కమిషన్ వ్యాపారులు, మిల్లు యజమానులు, శీతల గిడ్డంగుల వారు తలచుకొంటే ప్రతి ఏటా ఒక్కొక్కరు ఒక్క మనిషికైనా పని ఇచ్చి నిలబెట్టగలరు. మసీదు కమిటీలు న్యాయవాదులను పిలిచి, రంజాన్ ముందో తరువాతనో ఒక పూట న్యాయసలహా శిబిరం ఏర్పాటు చేయగలవు. విడుదలై వచ్చినవాడు మొదటి జుమాకు వచ్చినపుడు అతనికి వరుసలో చోటివ్వడానికి ఏ చట్టమూ అవసరం లేదు.

ప్రభూ! మా లోపాలను నీవు కప్పి ఉంచినట్లే మా తోటివారి లోపాలను కప్పి ఉంచే హృదయాన్ని మాకు ప్రసాదించు. అన్యాయంగా నిందపడినవారికి విముక్తి కలిగించు. తప్పుచేసి మరలివచ్చినవారికి స్థైర్యాన్నివ్వు. నష్టపోయినవారికి న్యాయం చేకూర్చు. ఆమీన్.